రాత్రి విచ్చుకునే బుట్ట: బాస్కెట్ స్టార్‌ను వెతకడం, చూడడం, గుర్తుపట్టడం

డైవింగ్ చేసేవాళ్ళను బాస్కెట్ స్టార్ అనే సముద్రజీవిని చూశారా అని అడిగితే చాలామంది లేదంటారు. నిజానికి చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. పగటిపూట అది సీ ఫ్యాన్ (విసనకర్రలా కొమ్మలు పరిచే మెత్తటి పగడం) కొమ్మను కరుచుకుని, కొబ్బరిపీచు ఉండ చిక్కుపడ్డట్టు ఉంటుంది. పక్కనుంచే ఈదుకుంటూ వెళ్ళిపోతాం. చీకటిపడ్డాక అదే ఉండ విప్పుకుని, కొన్ని జాతుల్లోనైతే ఈ చివరి నుంచి ఆ చివరికి మీటరు దాకా పరుచుకుంటుంది. ఆ రెండు రూపాలూ ఒకే ప్రాణివని నమ్మడానికి నాకే రెండు డైవ్‌లు పట్టాయి.

అందుకే ఈ మార్గదర్శిలో మొదటినుంచి చివరిదాకా ఒకటే మాట తిరిగి తిరిగి వస్తుంది: పగలు వెతకండి, రాత్రి వెళ్ళండి, టార్చ్‌ను అదుపులో పెట్టుకోండి. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

ముందు, ఇదేమిటో నాలుగు ముక్కల్లో

నక్షత్ర చేపలు, సముద్రపు ముళ్ళబంతులు ఉండే ఇఖైనోడర్మేటా వర్గంలోదే ఇదీ. నక్షత్ర చేప దీనికి దూరపు చుట్టం, బ్రిటిల్ స్టార్లు (సన్నటి పొడుగు చేతులుండే నక్షత్రాకారపు జీవులు) సొంత ఇంటివాళ్ళు. రెండూ ఓఫియూరాయిడియా తరగతిలోవే. అందులో యూరియాలిడా అనే క్రమం, ఆ క్రమంలో గోర్గోనోసెఫాలిడే అనే కుటుంబం. మనం బాస్కెట్ స్టార్ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే.

మధ్యలో చిన్న బిళ్ళ, దాని నుంచి ఐదు చేతులు. ఒక్కో చెయ్యీ రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ చీలుతాయి, అలా చివరికి దారప్పోగుల్లాంటి కొసలు మిగులుతాయి. 1815లో విలియం లీచ్ అనే జంతుశాస్త్రవేత్త ఒక ప్రజాతికి గోర్గోనోసెఫాలస్ అని పేరు పెట్టాడు, అంటే గోర్గాన్ తల. గ్రీకు కథల్లో జుట్టుకు బదులు పాములుండే మెడూసా ఒక గోర్గాన్. చేతులన్నీ మెలికలు తిరుగుతున్నప్పుడు చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి అడుగు: మీ సముద్రంలో ఏది ఉంటుందో తెలుసుకోవడం

వెతికే ముందు ఏది దొరుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. డైవర్లకు అందే లోతుల్లో ఎక్కువగా కనబడేవి ఇవి.

కరీబియన్ సముద్రంలో ఆస్ట్రోఫైటన్ మ్యూరికేటమ్. సీ ఫ్యాన్లు, ఇతర మెత్తటి పగడాల మీద ఉంటుంది. కొత్తవాళ్ళకు అన్నిటికంటే అనువైనది ఇదే, కొన్ని మీటర్ల లోతులోనే దొరుకుతుంది కాబట్టి. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా వెచ్చటి నీళ్ళలో ఆస్ట్రోబోవా న్యూడా. ఇది పగలు సందుల్లో, చూరుల కింద దాక్కుంటుంది. సీ ఫ్యాన్ మీదే వెతికితే దొరక్కపోవచ్చు.

దక్షిణాఫ్రికా కేప్ తీరపు చల్లటి నీళ్ళలో ఆస్ట్రోక్లాడస్ యూరియాలే. ఒంటి మీద బుడిపెలుంటాయి, ఫాల్స్ బే డైవర్లకు బాగా పరిచయం. మిగతావాటిలా ఇది అంత రాత్రిచరి కాదు, అక్కడ పగలే చూడొచ్చు. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో కోనోక్లాడస్ ఆస్ట్రాలిస్. ఉత్తర పసిఫిక్, ఆర్కిటిక్ వైపు గోర్గోనోసెఫాలస్ యూక్నెమిస్. దీన్ని చూడాలంటే డ్రైసూట్ (నీరు లోపలికి రాని డైవింగ్ దుస్తులు) వేసుకునే చలి, బలమైన ప్రవాహం రెండూ భరించాలి.

ఈ జాబితాను బట్టీపట్టక్కర్లేదు. మీరు వెళ్ళేచోట ఉండేది దేని మీద కూర్చుంటుంది, పగలు బయట ఉంటుందా లోపల దాక్కుంటుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలు.

రెండో అడుగు: పగలే ఆచూకీ తీయడం

కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు నేరుగా రాత్రి డైవ్‌కి దిగి వెతకడం. చీకట్లో టార్చ్ వెలుగు పడినంతమేరే కనిపిస్తుంది. పగటి డైవ్‌లో అరగంట తీరిగ్గా తిరిగితే నాలుగైదు చోట్లు గుర్తుపెట్టుకోవచ్చు.

సీ ఫ్యాన్లు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో ముందు అక్కడికి వెళ్ళండి. సీ ఫ్యాన్ కూడా ప్రవాహానికి అడ్డంగా పెరిగి, కొట్టుకొచ్చే ప్లవకాలను (నీటిలో తేలే చిన్న జీవులను) తినేదే. అంటే అది బాగా పెరిగినచోట నీటి పారుదల బాగుందని అర్థం. బాస్కెట్ స్టార్‌కి కావలసిందీ అదే. ఫ్యాన్ కొమ్మలు చీలేచోట్లు, మొదళ్ళు చూడండి. పిడికిలంత చిక్కు ఉండ కనిపిస్తే ఆగండి.

అది చచ్చిన నాచు కావచ్చు, తెగిన గాలపు దారం కావచ్చు. తేడా తెలియాలంటే దగ్గరికెళ్ళి చూడాలి. కొసలన్నీ చిన్న చిన్న స్ప్రింగుల్లా లోపలికి చుట్టుకుని ఉంటే అదే. మామూలు బ్రిటిల్ స్టార్ చేతిలోని వెన్నుపూసల్లాంటి ఎముక ముక్కలు ఎక్కువగా పక్కలకే వంగేలా అతుక్కుని ఉంటాయి. యూరియాలిడా జీవుల్లో ఆ కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది, అందుకే చెయ్యి పైకీ కిందికీ కూడా చుట్ట చుట్టుకోగలదు. కొమ్మను పట్టుకుని వేలాడినా, ఉండగా ముడుచుకున్నా, రాత్రి వేటాడినా, అన్నిటికీ మూలం ఆ కీలే.

ఆ ఫ్యాన్ దగ్గర తేలిగ్గా గుర్తుండే రాయో, స్పాంజో చూసుకుని, లోతు, దిక్సూచి దిశ నీళ్ళలో రాసుకునే పలక మీద రాసుకోండి. ఉండను మాత్రం కదపొద్దు. దాని చేతుల మీద సన్నటి కొక్కేలుంటాయి, పీకితే దాని కొసలు తెగుతాయి, సీ ఫ్యాన్ పైపొరా చీరుకుపోతుంది. తెగిన కొసలు మళ్ళీ పెరుగుతాయి, నిజమే. అలాగని తెంచడం దేనికి?

మూడో అడుగు: ఎప్పుడు దిగాలి

సూర్యుడు అస్తమించగానే దిగితే అది ఇంకా సగం ముడుచుకునే ఉంటుంది. పూర్తిగా చీకటిపడ్డాక దిగండి. సాయంత్రం అయ్యేకొద్దీ అది పగటి చోటు వదిలి, పాకుతూ ఫ్యాన్ పై అంచుకో, రాతి కొసకో చేరుతుంది. ప్రవాహం బాగా తగిలేది అక్కడే. కాబట్టి పగలు గుర్తుపెట్టుకున్న చోట లేకపోతే కంగారుపడకుండా ఆ చుట్టుపక్కల ఎత్తయిన కొసలు చూడండి.

నీరు పూర్తిగా నిలిచిపోయిన రాత్రి దిగి లాభం లేదు. విసనకర్రలా పరుచుకోవడానికి దానికి ప్రవాహం కావాలి. మీకేమో ప్రవాహం మరీ ఎక్కువైతే ఒకచోట నిలబడడం కుదరదు. ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు తిరగబోయే ముందో, తిరిగిన కాసేపటికో, నెమ్మదిగా పారే సమయం ఎంచుకోండి.

భద్రత గురించి ఒక్క పేరా. రాత్రి డైవ్ శిక్షణ లేకుండా దిగొద్దు. బడ్డీ (తోడు డైవర్), ఒక్కొక్కరికి రెండేసి టార్చ్‌లు, ట్యాంకుకో సిగ్నల్ లైటు తప్పనిసరి. ఒకచోట కదలకుండా ఉండి కొసల వంక చూస్తుంటే గాలి ఎంత మిగిలిందో గుర్తుండదు, అందుకే గేజ్ చూసుకునే బాధ్యత ముందే పంచుకోండి. బయన్సీ, అంటే నీళ్ళలో తేలిపోకుండా మునిగిపోకుండా ఒకే లోతులో నిలవడం, పట్టుబడని వాళ్ళు ముందు అది నేర్చుకోవాలి. ఒక్క ఫిన్ దెబ్బకు సీ ఫ్యాన్, దానిమీది ప్రాణి రెండూ పోతాయి.

నాలుగో అడుగు: వెలుతురు

నేను మొదటిసారి పూర్తిగా విచ్చుకున్న బాస్కెట్ స్టార్‌ను చూసింది బహుశా పది సెకన్లు. ఆనందం పట్టలేక టార్చ్ నిండా వేశాను. ముందు కొసలు ముడుచుకున్నాయి, తర్వాత కొమ్మలు, తర్వాత చేతులే మొత్తంగా లోపలికి. కెమెరా సర్దుకునేలోపు నా ముందు మిగిలింది పగలు చూసిన ఆ ఉండే.

దానికి కళ్ళు లేవు, అయినా వెలుతురు తెలుస్తుంది. దగ్గరికి వెళ్ళే పద్ధతి ఇది:

1. ఆ చోటికి ఐదారు మీటర్ల దూరంలో ఉండగానే పెద్ద టార్చ్ ఆర్పేయండి, లేదా ఇసుక వైపు తిప్పి అరచేత్తో మూయండి.
2. ఎర్ర లైటుకు మారండి. ఎర్ర వెలుగు దాన్ని అస్సలు కదిలించదని కాదు, తెల్ల వెలుగంత త్వరగా కదిలించదు.
3. ప్రవాహానికి దిగువ వైపు నుంచి, అంటే దాని వెనక నుంచి వెళ్ళండి. ఎగువన నిలబడితే మీ ఒళ్ళే దాని తిండికి అడ్డం.
4. బీమ్ నడిమి భాగం దానిమీద పడనివ్వొద్దు. అంచు వెలుగు చాలు.
5. కొసలు ముడుచుకోవడం మొదలైతే వెంటనే లైటు తీసేసి, చీకట్లో రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఐదోది చెప్పినంత తేలిక కాదు. చీకట్లో ఊరికే వేలాడడం ఎవరికీ ఇష్టముండదు. కానీ ఓపిక పడితే అది మళ్ళీ విప్పుకోవడం మొదటినుంచీ చూడొచ్చు. నా మటుకు నాకు అసలు విశేషం అదే.

ఇంకో చిక్కుంది. తెల్ల లైటు ఒకచోటే పెడితే నీళ్ళలోని పురుగులు, చిన్న రొయ్యల్లాంటివి దాని చుట్టూ మూగుతాయి. అవన్నీ బాస్కెట్ స్టార్ చేతుల్లోకి వెళ్ళి పడతాయి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ అది మీరు వడ్డించిన విందు. దాని అసలు తిండి ఏమిటో తెలుసుకోవాలంటే లైటు తక్కువలో ఉండాలి.

ఐదో అడుగు: ఏం చూడాలో తెలిసి చూడడం

మొత్తం విసనకర్రను చూడాలనిపిస్తుంది. ఓ నిమిషం చూసి, తర్వాత ఒక్క కొసను ఎంచుకోండి. పైఅంచున, మీ కంటి ఎత్తులో ఉన్నదైతే మంచిది.

కాసేపు ఏమీ జరగదు. కొస నీటి వాలుకి కొద్దిగా ఊగుతుంటుంది. బియ్యపు గింజలో సగం ఉన్న జీవి ఏదో వచ్చి తగులుతుంది. తగిలినచోట కొస దాని చుట్టూ మెలిక పడుతుంది, తీగ కొమ్మను చుట్టుకున్నట్టే, కాకపోతే మనం చూస్తుండగానే. గోర్గోనోసెఫాలిడే జాతుల చేతుల చుట్టూ వరసలు వరసలుగా సన్నటి కొక్కేలు ఉంటాయి. మెలిక బిగిసేకొద్దీ అవి గుచ్చుకుని, లోపలిది ఇక తప్పించుకోలేదు. అక్కడో చిన్న ముడి మిగులుతుంది. పక్క కొసలు ఏమీ పట్టనట్టు అలాగే ఊగుతుంటాయి.

ఆ ముడిని వెంటనే నోటికి చేర్చుతుందని ఎదురుచూడకండి. నోరు బిళ్ళ అడుగున ఉంటుంది. ముళ్ళు పోగయ్యాక ఆ కొమ్మను నోటి దాకా వంచి, దవడల మీది దువ్వెన పళ్ళలాంటి వాటి మధ్యనుంచి లాగుతుంది. పట్టినవన్నీ అక్కడ రాలి లోపలికి పోతాయి. మలద్వారం లేదు, మిగిలిన చెత్త బయటికి రావలసిందీ ఆ నోటి నుంచే.

చల్లటి సముద్రాల్లో ఉండే గోర్గోనోసెఫాలస్ ఇంతకంటే పెద్ద వేటే వేస్తుంది. క్రిల్ అనే రొయ్యలాంటి జీవుల్ని పడుతుంది. ఈదడం బాగా వచ్చిన జీవిని, కదలకుండా కూర్చున్నది పట్టుకుంటుందన్నమాట.

చేతుల మధ్య ఇంకెవరైనా ఉన్నారేమో కూడా చూడండి. కరీబియన్ ఆస్ట్రోఫైటన్ మీద పెరిక్లిమెనెస్ పెర్రియే అనే చిన్న రొయ్య కాపురం ఉంటుంది. ఆతిథేయి రంగులోనే కలిసిపోతుంది కాబట్టి వెతికితేగాని కనబడదు. గోర్గోనోసెఫాలస్ పిల్లలైతే గెర్సేమియా అనే మెత్తటి పగడం మీద పెరిగి, కాస్త ఎదిగాక పెద్దవాటి ఒంటిమీదికి చేరతాయి. పెద్దదాని చేతుల మీద గోరంత బాస్కెట్ స్టార్లు కనిపిస్తే అవి అవే.

ఆరో అడుగు: ఫోటో

ఎక్స్‌పోజర్ సర్దుకోవడం దాని ముందు కాదు. పది మీటర్ల ఇవతల, ఏ ఖాళీ సీ ఫ్యాన్ మీదో ఫ్లాష్ బలం, అపెర్చర్ అన్నీ కుదుర్చుకుని, మాన్యువల్‌లో బిగించి వెళ్ళండి. మొదటి ఫ్రేమే మీకు దొరికే మంచి ఫ్రేమ్. ఫ్లాష్ క్షణకాలమే అయినా రెండు మూడింటి తర్వాత ముడుచుకోవడం మొదలవుతుంది.

నిండుగా కావాలంటే వైడ్ లెన్స్, నీటిలో వాడే ఫ్లాష్ లైట్లయిన రెండు స్ట్రోబ్‌లు బాగా పక్కలకు జరిపి. అది విచ్చుకునే రాత్రివేళ నీళ్ళలో ప్లవకాలు ఎక్కువుంటాయి కాబట్టి, స్ట్రోబ్ లెన్స్‌కి దగ్గరగా ఉంటే ఫోటో నిండా మంచు కురిసినట్టు తెల్ల చుక్కలే. ఫోకస్ బిళ్ళ మీద చేయండి, కొసల మీద చేస్తే లెన్స్ తడబడుతుంది.

అందమైన ఫోటో ఒకటి, పనికొచ్చే ఫోటోలు వేరు. జాతిని గుర్తించాలంటే ఇవి ఉండాలి: కూర్చున్నదానితో సహా మొత్తం ప్రాణి, బిళ్ళ పైభాగం, చెయ్యి మొదలు నుంచి మొదటి చీలిక దాకా, చేతి చర్మం దగ్గరగా. కొలత కోసం పలకో, వేలో పక్కనే, తగలకుండా పెట్టండి. అడుగుభాగం దొరికితే అదృష్టం. దానికోసం తిప్పొద్దు.

ఏడో అడుగు: గుర్తుపట్టడం

ముందు అది ఫెదర్ స్టార్ అనే ఇంకో సముద్రజీవి కాదని తేల్చుకోండి. రాత్రి రెండూ చేతులు చాపి కూర్చుంటాయి, తడబాటు అందరికీ వస్తుంది. ఫెదర్ స్టార్ చేతికి ఈకలాగా రెండు వైపులా బారులు తీరిన చిన్న పక్క పోగులుంటాయి, చెయ్యి మాత్రం ఈకకాడలా సాగుతుంది. బాస్కెట్ స్టార్ చెయ్యి చెట్టు కొమ్మలా చీలుతూ పోతుంది. ఇంకో ఆనవాలు: ఫెదర్ స్టార్ నోరు పైకి ఉంటుంది, అడుగున గోళ్ళలాంటి చిన్న కాళ్ళతో పట్టుకుంటుంది. బాస్కెట్ స్టార్‌కి ఆ కాళ్ళు లేవు, తన చేతులతోనే పట్టుకుంటుంది.

తర్వాత బిళ్ళ చూడండి. మామూలు బ్రిటిల్ స్టార్ బిళ్ళ మీద పలకలు, పొలుసులు బయటికే కనిపిస్తాయి. బాస్కెట్ స్టార్‌కి వాటిమీద మందపాటి చర్మం కప్పి ఉంటుంది. మధ్య నుంచి అంచుకు పక్కటెముకల్లా ఉబ్బిన పది గీతలు, జంటలు జంటలుగా తెలుస్తాయి. ఒక్కో చేతికి ఒక జంట.

ఇక మొదటి చీలిక ఎక్కడుంది? ఆస్ట్రోఫైటన్, గోర్గోనోసెఫాలస్‌లలో బిళ్ళను ఆనుకునే చీలిక మొదలవుతుంది, పైనుంచి చూస్తే ఐదు కాదు పది చేతులనిపిస్తుంది. ట్రైకాస్టర్ అనే ప్రజాతిలో చెయ్యి చాలాదూరం ఒంటిగానే వెళ్ళి, చివర్లో మాత్రం చీలుతుంది. అది యూరియాలిడే అనే వేరే కుటుంబం. అసలు చీలికలే లేని బంధువులూ ఉన్నాయి. న్యూజిలాండ్ ఫియార్డుల్లో (నిట్రకొండల మధ్య సన్నటి లోతైన సముద్రపాయల్లో) నల్ల పగడాల మీద పాముల్లా చుట్టుకుని ఉండే ఆస్ట్రోబ్రాకియాన్ అలాంటిదే. అంటార్కిటిక్ వైపుండే ఆస్ట్రోటోమా అగాసిజీ ఇంకా విచిత్రం. గోర్గోనోసెఫాలిడే కుటుంబంలోదే, కానీ చేతులు చీలవు. కొమ్మలు లేనంత మాత్రాన ఆ ఇంటిది కాదని కొట్టేయకూడదు.

రంగు చూసి జాతి చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. ఆస్ట్రోఫైటన్ ఒక్కటే లేత గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది. ప్రజాతి వరకు ధైర్యంగా చెప్పగలిగితే అక్కడే ఆగడం మేలు. జాతి తేల్చడానికి చాలాసార్లు సూక్ష్మదర్శిని కింద చర్మపు రేణువుల్ని, ఎముక ముక్కల్ని చూడాల్సి వస్తుంది.

కొసలు లెక్కపెట్టాలనుకుంటే

ఈ సరదా మనకంటే ముందు ఒకాయనకు పుట్టింది. అమెరికాలోని కనెక్టికట్ గవర్నరు జాన్ విన్‌త్రాప్ 1670లో ఒక బాస్కెట్ స్టార్‌ను లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు. మసాచుసెట్స్ తీరం దగ్గర ఒక జాలరికి దొరికింది అది. చీలికల లెక్క కట్టి, కొసలు 81,920 అని తేల్చాడు. అదెలా వచ్చిందో మనమూ చూడొచ్చు: ఐదు చేతులు, 14 సార్లు రెండేసిగా చీలితే వచ్చేది సరిగ్గా అంతే.

మీరూ ఇలాగే లెక్కకట్టొచ్చు. ఫోటోలో ఒక చేతిని ఎంచుకుని, మొదలు నుంచి కొస దాకా ఎన్ని చీలికలు వచ్చాయో లెక్కపెట్టండి. ఐదు చీలికలైతే మొత్తం 160 కొసలు, పదైతే 5,120. ఒక్క చీలిక పెరిగితే లెక్క రెట్టింపు, అందుకే ఒకటి తప్పు లెక్కపెట్టినా జవాబు ఎక్కడికో పోతుంది. పైగా చీలిన రెండు కొమ్మలూ సమానంగా ఉండవు. ఒకటి సాగుతూ చీలుతూ పోతుంది, రెండోది పొట్టిగా ఆగిపోతుంది. కాబట్టి పొడుగాటి కొమ్మ వెంట లెక్కపెట్టి గుణిస్తే వచ్చేది గరిష్ఠ హద్దు మాత్రమే. కనీసం నాలుగైదు వేర్వేరు కొమ్మల వెంట లెక్కపెట్టి చూసుకోండి.

ఎనిమిదో అడుగు: నమోదు

పైకి వచ్చిన రాత్రే రాసేయాలి, పొద్దున్నకి సగం పోతుంది. తేదీ, సమయం, చోటు, లోతు, నీటి వేడి, ప్రవాహం ఎటునుంచి, దేని మీద కూర్చుంది, విచ్చుకుని ఉందా ముడుచుకుందా, మీ లైటు ఏ రంగుది. చివరిది ఎవరూ రాయరు. కానీ అది లేకపోతే ముడుచుకుని కనిపించడం దాని ఇష్టమో మీ నిర్వాకమో తర్వాత చూసేవాళ్ళకు తెలియదు. ఐనాచురలిస్ట్ (జీవుల ఫోటోలు నమోదు చేసే వెబ్‌సైటు) లాంటి చోట పెట్టేటప్పుడు పైన చెప్పిన ఫోటోలన్నీ ఒకే నమోదు కింద పెట్టండి, విడివిడిగా కాదు.

ఇంట్లో అక్వేరియంలో పెంచుకుందామనుకునేవాళ్ళకు ఒకే మాట: వద్దు. రాత్రంతా పారే నీరు, అందులో తేలే సజీవ ప్లవకాలు దానికి కావాలి. అవి అమర్చలేక చాలా చోట్ల అది మెల్లగా ఆకలితో చచ్చిపోతుంది.

నీళ్ళలోకి దిగని వాళ్ళకు

బాస్కెట్ స్టార్లలో చాలావాటిని డైవర్లు ఎలాగూ చూడలేరు, వందల మీటర్ల లోతులో ఉంటాయి. వాటికోసం అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) నౌక ఒకియానోస్ ఎక్స్‌ప్లోరర్ నుంచి దించే రిమోట్ వాహనాల వీడియోలు చూడండి. డైవ్‌లను ప్రత్యక్ష ప్రసారం చేస్తారు, పాతవీ దొరుకుతాయి. వాహనం పగడాల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కొమ్మల్లో చూడండి. ఒకవైపు కొమ్మలు చీలిన గోర్గోనోసెఫాలస్ లాంటివి, ఇంకోవైపు చీలికల్లేని పాముచుట్టల్లాంటి ఆస్టెరోస్కీమాలు. తెరమీద రెండు లేజర్ చుక్కలు కనిపిస్తే వాటిని కొలబద్దగా వాడుకోవచ్చు, వాటి మధ్య దూరం చాలా వాహనాల్లో 10 సెంటీమీటర్లు. సరైనదేదో వ్యాఖ్యానంలో చెబుతారు.

మ్యూజియంలో ఎండిన నమూనా దొరికితే అది ఇంకా మంచిది, నీళ్ళలో ఎప్పుడూ దొరకని అడుగుభాగం అక్కడ తీరిగ్గా చూడొచ్చు. భూతద్దం తీసుకెళ్ళండి. ముందు దవడల మీది దువ్వెన పళ్ళు, తర్వాత సన్నటి కొమ్మల చుట్టూ కొక్కేల వరసలు వెతకండి. ఎండిన కొసలు చిన్న తాకిడికే పొడిపొడిగా రాలతాయి, అందుకని పెట్టె తెరిచి తిప్పే పని అక్కడి సిబ్బందికే వదిలేయండి.